చెల్లని వరసలు

లేని మనిషిని పుట్టించడం ఎందుకింత కష్టం, కళ్లు మూసుకుంటే తెలిసిన మొహాలే ఎందుకు ముందుకొస్తాయి, ఊహ అనుకునేది కూడా లోపల దాచుకున్న వాళ్లను బయటికి తోలే దొడ్డిదారేనేమో అనుకుంటూ అతను బ్రష్షు నోట్లో పెట్టుకుని అద్దం ముందు అలాగే నిలబడిపోయాడు.

"కుళాయి," అంది భార్య తలుపవతలి నుంచి.

కట్టేశాడు.

"రేపు మధ్యాహ్నం నాన్నా తమ్ముడూ ఇద్దరూ భోజనానికొస్తున్నారు, గుర్తుందిగా? వాళ్లను ఒక బల్ల ముందుకు తేవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. నువ్వేమీ కల్పించుకోకు. నువ్వు చేయాల్సిన సాయం అదొక్కటే."

తండ్రి పాత స్కూటర్‌ను కొడుకు ఆయన్ని అడక్కుండా పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏమీ కల్పించుకోకుండా ఉండటం మాత్రం అతనికి బాగా చేతనైన పని. అందుకే ఆఫీసులో అతన్ని ముని అంటారు.

ముని వేసుకున్న ప్రణాళిక చిన్నదే. మధ్యాహ్నంలోగా పరీక్ష ముగించడం, దారిలో కూరలు కొనడం, ఇంటికి రావడం. వాళ్ల ఆఫీసు తయారుచేస్తున్న ఒక ఈత క్లబ్బు వెబ్‌సైట్‌లో సభ్యత్వ దరఖాస్తు ఉంది. పేరు, వయసు, ఫోను నంబరు, నాలుగు మాటలు రాసుకునే గడి. దరఖాస్తు సరిగా ఉంటే చెల్లుతుందనీ, లేకపోతే చెల్లదనీ, కారణంతో సహా ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. అది సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రామ్ ఒక్కటే రాసి, లేని మనుషుల వివరాలు మాత్రం పట్టికలో వరసలుగా ఇమ్మంది టీమును నడిపే లీడ్ మేడమ్. ఒకే పరీక్ష ఒక్కో వరసనూ తీసుకుని మళ్లీ మళ్లీ నడుస్తుంది. సరైనవి తొమ్మిది వరసలు, తప్పుడువి పది.

తప్పుడు వరసల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. గడిలో రాసింది అయిదొందల అక్షరాలు దాటితే చెల్లకూడదు. అంత ఎవరు రాస్తారు అనుకోగానే మామగారు కనిపించారు. ఆయన పేరు వేశాడు. నంబర్లు నోటికొచ్చినవే వేశాడు, నోటికొచ్చినవన్నీ బంధువులవీ తెలిసినవాళ్లవీ. ఏ వరస దేనికో తర్వాత తనకు తెలియాలని కారణం గడిలో ఒక గుర్తు కూడా రాసుకున్నాడు: 'ఆపకుండా మాట్లాడే మనిషి.' బావమరిదికి వయసు మైనస్ మూడు ఇచ్చి 'ఎదగని మనిషి' అని రాశాడు. వయసు గడి ఖాళీగా వదిలేసి పక్కన లీడ్ మేడమ్ పేరు వేసి 'వయసు చెప్పని మనిషి' అన్నాడు. రాస్తుంటే ఒళ్లు తేలికైంది. ఇన్నేళ్లలో అతను మనుషుల గురించి ఇంత వివరంగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

మెసేజ్ పంపే చోట ఉత్తుత్తిది పెట్టాలి, అంటే పంపినట్టు నటించేది. ఆ సంగతి ఆ తేలికతనంలో మరిచిపోయి సేవ్ నొక్కాడు. అతని కంప్యూటర్‌లో సేవ్ నొక్కినప్పుడల్లా పరీక్షలన్నీ వాటంతటవే నడుస్తాయి.

పదకొండున్నరకు మామగారు ఫోను చేశారు.

"అల్లుడుగారూ, నేను ఈత క్లబ్బుకు దరఖాస్తు పెట్టానా?"

"లేదండీ."

"పెట్టని దరఖాస్తు చెల్లదట. పోనీ, వాళ్లిష్టం. కారణం చదువుతాను వినండి. ఆపకుండా మాట్లాడే మనిషి. నీళ్లలో ఎవరు మాట్లాడతారండీ? ఆ క్లబ్బు పని మీ ఆఫీసే చూస్తోందని అమ్మాయి చెప్పింది. కాస్త కనుక్కుంటారా?"

ముని చెవులు వేడెక్కాయి. నేనేనండీ, అనాల్సిన చోటు అది. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడ చోటు చూసుకుని కూర్చుంది.

"కనుక్కుంటానండీ," అన్నాడు.

ఫోను పెట్టేసి గబగబా కారణాలన్నీ చెరిపేశాడు. చెరిపి, అలవాటు కొద్దీ సేవ్ నొక్కాడు.

రెండు నిమిషాల్లో మళ్లీ ఫోను. "ఇప్పుడు కారణం కూడా లేకుండా చెల్లనంటున్నారు. ఇదింకా బాగుంది."

సిగ్గు పట్టుకున్న మనిషి ఆగి ఆలోచించడు, ముందు మొహం కప్పుకోవాలని చూస్తాడు. నోటితో చెప్పలేనిది మెసేజ్‌లో చెప్పవచ్చని మునికి తోచింది. కారణం గడిలో 'క్షమించండి మామగారూ, పొరపాటు నాదే' అని రాశాడు. కానీ కంగారులో ఆ వాక్యం పది వరసల్లోనూ అతికింది. సేవ్ నొక్కాడు.

లీడ్ మేడమ్ ఫోను పట్టుకుని నడిచి వచ్చింది.

"మునిగారూ, నేను మీకు మామగారిని ఎప్పుడయ్యాను?"

ముని లేచి నిలబడ్డాడు.

"అది సరే. పొద్దున వచ్చినదాన్లో వయసు చెప్పని మనిషి అని ఉంది. అడిగితే చెప్పేదాన్నిగా. నలభై ఆరు."

"మేడమ్, ఇప్పుడే తీసేస్తాను."

"దేన్నీ తీయకండి. సేవ్ నొక్కకండి. చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు. ఆమె వంగి పరీక్షలు ఆపేసింది. చుట్టుపక్కల బల్లల వాళ్లు తమ తమ తెరల్లోకి ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. ఆ శ్రద్ధను ముని వీపుతో చూడగలిగాడు. క్లబ్బువాళ్లకు తనే చెప్పుకుంటానంది మేడమ్. తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది రేపటి భోజనం. ఎనిమిది నెలలు ఒకరి చేత ఒక మెట్టు, ఇంకొకరి చేత ఒక మెట్టు దింపించుకుంటూ వచ్చింది భార్య. పది వరసలతో ఆ మెట్లన్నీ తనే కూల్చేశాడు. ఇంతలో బావమరిది ఫోను చేశాడు.

"బావా, ఒక్కమాట. నాన్న ఇక్కడే ఉన్నాడు."

"ఎక్కడ?"

"మా ఇంట్లో. నీకూ వచ్చిందా అని ఆయనే ఫోను చేశాడు. వచ్చింది, ఎదగని మనిషినట అన్నాను. వెంటనే ఆటో ఎక్కి వచ్చేశాడు. గంట నుంచీ నీ గురించే మాట్లాడుకుంటున్నాం."

వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. "మైనస్ మూడు మరీ అన్యాయమని చెప్పు. వీడికి అయిదేళ్లన్నా ఉంటాయి."

"విన్నావుగా. రేపు ఇద్దరం కలిసే వస్తాం బావా. నిన్ను అడగాల్సినవి చాలా ఉన్నాయి."

సాయంత్రం ముని కూరలు లేకుండా ఇంటికి చేరాడు. భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. తలెత్తి చూసింది. కోపం లేదు.

"నాకు ఎనిమిది నెలలు పట్టినదాన్ని ఒక్క పూటలో తేల్చేశావు. వాళ్లిద్దరికీ ఉమ్మడిగా తిట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చినట్టుంది. ఏదీ, ఆ పట్టిక చూపించు."

అతను లాప్‌టాప్ తెరిచాడు. పాత గుర్తులన్నీ వెనక్కి తెచ్చి చూపించాడు. ఆమె వేలు పెట్టుకుంటూ చదివింది. తండ్రి వరస దగ్గర నవ్వింది, తమ్ముడి దగ్గర గట్టిగా నవ్వింది. వేలు పట్టిక చివరికి వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చి, ఇంకోసారి చివరిదాకా వెళ్లింది.

"నేను ఏ వరసలో ఉన్నాను?"

ముని పట్టిక వైపు చూశాడు, తనకు తెలియనట్టు.

"చెల్లనివాళ్లలో నిన్నెలా పెడతాను," అన్నాడు.

"చెల్లేవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారిక్కడ. మీ ఆఫీసు లిఫ్టు బాగుచేసేవాడు ఉన్నాడు. నా పన్ను పీకిన డాక్టరున్నాడు."

"నంబరు నోటికి రాలేదు."

"ఎలా వస్తుంది? నీ ఫోన్లో నేను 'ఇల్లు'ని. దాన్ని నొక్కితే చాలు."

ఆమె మడతల దొంతర ఎత్తుకుని లోపలికి వెళ్లింది. మామగారి మాటా, బావమరిది వయసూ, మేడమ్ మౌనమూ ఇవన్నీ ఇంతకాలం తన లోపల కూర్చుని ఉన్నాయి, రమ్మనగానే వచ్చాయి. రోజూ ఎదుట తిరిగే మనిషి మాత్రం రాలేదు. చెడ్డగా తలవకపోవడాన్ని ప్రేమ అనుకుంటూ వచ్చాడు. అది ఉత్త తలవకపోవడమేనేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. పగలంతా పడ్డ సిగ్గు దీని ముందు దుస్తుల మీద పడ్డ మరకలాంటిది.

ముందు మెసేజ్ పంపే చోట ఉత్తుత్తిది పెట్టాడు. రెండుసార్లు సరిచూసి, మేడమ్ ఆపేసిన పరీక్షలను మళ్లీ నడిచేలా పెట్టాడు. పట్టిక కింద ఇరవయ్యో వరస తెరిచి ఆమె పేరు టైపు చేశాడు. రెండక్షరాలు. వయసు దగ్గర వేళ్లమీద లెక్కపెట్టి ముప్పై నాలుగు వేశాడు.

"నీ నంబరు చెప్పు," అన్నాడు లోపలి గది వైపు.

ఒక్కో అంకే వినిపించింది, కౌంటరు దగ్గర చెబుతున్నట్టు. వేశాడు. ఫలితం దగ్గర 'చెల్లుతుంది' అని రాసి సేవ్ నొక్కాడు.

పంతొమ్మిది వరసలు పరీక్ష నెగ్గి పచ్చగా వచ్చాయి. ఇరవయ్యోది ఎర్రగా వచ్చింది. 'పేరు చెల్లదు. కనీసం మూడక్షరాలు ఉండాలి.' ఆ నియమం పోయిన నెల రాసింది అతనే.

నియమంలో మూడు చెరిపి రెండు వేశాడు. అది కూడా పచ్చబడ్డాక తెర మూసి లేచి, గది గుమ్మం దాకా వెళ్లి, గొంతు సవరించుకుని, ఏళ్లుగా పిలవని ఆ రెండక్షరాలూ పైకి అన్నాడు.

"ఎవరు?" అంది ఆమె లోపలి నుంచి.