నల్లబల్ల మీద నాలుగో పంక్తి

కడలి గాలికి కొబ్బరాకులు వింజామరలై వీచే ఉద్దాన సీమలో, పలాసకు తూర్పున, జీడిగింజలు కాల్చే పొగ గాలివాటున వచ్చి పలకరించే ఒకానొక గ్రామంలో, ఈ ఏటి అక్టోబరు పదకొండున, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, శాఖా గ్రంథాలయపు వరండాలో జరిగిన ఘోర సంగ్రామాన్ని సావధానంగా వినండి!

ఆ వరండా గోడకు ఒక నల్లబల్ల. దాని మీద 'చరిత్రలో ఈ రోజు' అనే శీర్షిక. దాని ఏకచ్ఛత్రాధిపతి గ్రంథపాలకుడు తిరుపతిరావు. ఇరవై రెండేళ్ళుగా సుద్దముక్కే ఖడ్గంగా, తుడిచే గుడ్డే డాలుగా, అక్షరదోషాల పాలిట కాలయముడై వెలుగొందుతున్న వీరుడతడు. తేదీల పుస్తకం తెరిచి ఆనాడు మూడు పంక్తులు లిఖించాడు. 1899లో బోయర్ యుద్ధం మొదలు. 1902లో జయప్రకాశ్ నారాయణ్ జననం. 1968లో అపోలో-7 ప్రయోగం. నాలుగో పంక్తికి పుస్తకంలో సంఘటన లేక ఆ చోటు ఖాళీగా మిగిలింది.

అంతలో అరవై కొబ్బరిచెట్ల మాజీ అధినేత్రి, ప్రస్తుతం నలభై లేతచెట్ల పాలకురాలు అయిన దాలమ్మ, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, మెట్లెక్కి వచ్చింది.

"బావా, ఆ కాళీలో మన తిత్లీ తుపాను రాయి. ఇయ్యాల్టికి ఏడేళ్ళు."

తిరుపతిరావు కళ్ళజోడు సవరించుకుని, మేఘగంభీర స్వరంతో పలికాడు: "దాలమ్మా! ఇది వార్తల బోర్డు కాదు. చరిత్ర! పుస్తకంలోకి ఎక్కనిదేదీ ఈ బల్ల మీదికి ఎక్కదు. నా కంఠంలో ప్రాణముండగా ఎక్కనివ్వను!"

"పుస్తకం ఎప్పటిది?"

"రెండువేల మూడుది."

"తుపాను పద్దెనిమిదిలో గదేటి! అందులో ఎలాగుంటాది?"

ఈ తొలి బాణం గుండెకు తగిలినా వీరుడు చలించలేదు. అప్పుడామె గొంతు తగ్గించింది.

"నిన్న టెక్కలి నుంచి కాయల బేరానికి ఒకాయనొచ్చినాడు. తోటంతా సూసి, 'మీ కాడ సెట్లు పుటకతోనే పొట్టియేటమ్మా?' అన్నాడు. నా సెట్లు బావా! తలెత్తితే మెడ నొప్పెట్టీవి. ఒక్క పూటలో అరవైకి అరవై పడిపోనాయి. ఆడికి తెలవదు సరే. రేపు మన పిల్లలకైనా తెలవాల గదా?"

వరండా బెంచీ మీద పేపరు చదువుతున్న పోలారావు తలెత్తాడు. అతడు చెట్లెక్కి కాయలు దింపే మనిషి.

"నాకు మరి ఎక్కడానికి సెట్టే లేకపోయింది," అన్నాడతడు. "జీడిపిక్కల ఫ్యాక్టరీలో మూడేళ్ళు మూటలు మోసినాను. ఆ బోయరోళ్ళ యుద్దంలో మనకేటి పోయింది మావా?"

"నిబంధన నిబంధనే!" అని గర్జించాడు తిరుపతిరావు.

దాలమ్మ ఇక మాటలు చాలించి, కిటికీ గట్టు మీది సుద్దముక్కను అందుకుంది. వయోజన బడిలో ఆరునెలలు దిద్దిన అక్షరాలన్నిటినీ యుద్ధానికి పిలిచి, పళ్ళు బిగబట్టి రాయనారంభించింది. తిరుపతిరావు గుడ్డతో తుడిచాడు. ఆమె మళ్ళీ రాసింది. అతడు మళ్ళీ తుడిచాడు. దిక్కులు శ్వేతధూళితో నిండాయి. పోలారావు తుమ్మాడు. మూడోసారి రాస్తుండగా సుద్ద ఫటేలున విరిగి, సగం మురిక్కాలువలో పడింది. మిగిలిన గోరంత ముక్కతోనే ఆమె పంక్తి ముగించి పక్కకు తప్పుకుంది:

'2018 తిత్తిలీ తుపాన పలస కాడ తీరం దాటినాది'

గుడ్డెత్తిన తిరుపతిరావు చేయి గాలిలో నిలిచిపోయింది. తిత్తిలీ! తుపాన! పలస! దోషాలు బారులు తీరి అతణ్ణి వెక్కిరించాయి. తుడిచేస్తే దాలమ్మ మళ్ళీ ఇవే తప్పులు రాస్తుంది. వదిలేస్తే ఊరంతా చూస్తుంది. పైగా తుపాను నాటి తెల్లవారుజాము కళ్ళలో మెదిలింది. గ్రంథాలయం రేకులు ఎగిరిపోగా, తేదీల పుస్తకాన్ని చొక్కాలో దాచుకుని అతడు పరుగెత్తింది దాలమ్మ డాబా ఇంటికే. ఆ ఒక్క గదిలో ఇరవై మంది. తలుపు ఊడకుండా వీపు ఆనించి నిలబడింది ఆమే.

"తిత్లీలో రెండో 'త' కింద 'ల' ఒత్తు రావాలి..." అని గొణిగాడు.

"నాకేటి తెలుసు బావా? తప్పయితే నువ్వే సెప్పు, నువ్వే రాయి," అంది దాలమ్మ, అమాయకత్వం ఉట్టిపడే ముఖంతో.

అతడు జేబులోంచి కొత్త సుద్ద తీశాడు. ఆమె రాతను తుడిచి, ముత్యాల్లాంటి దస్తూరితో రాశాడు: '2018: తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది.' ఒక్క క్షణం ఆగి, చోటు చాలక అక్షరాలు చిన్నవి చేసి, చివర ఇరికించాడు: 'మన చెట్లు పడ్డాయి.'

"ఇప్పుడు తప్పుల్లేవు గదేటి," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

పోలారావు గట్టిగా చదివి వినిపించాడు. దాలమ్మ పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరాన్నీ సరిచూసుకుంది. తర్వాత చీర దులుపుకుని తోటకు వెళ్ళిపోయింది.

ఆ విధంగా, జానెడు వెడల్పు, మూరెడు పొడవు గల నల్లని భూభాగాన్ని, బోయర్ సేనలకూ అంతరిక్ష నౌకకూ దిగువన, ఉద్దానం జయించింది. మర్నాడు తొమ్మిదింటికి పన్నెండో తేదీ వచ్చి తుడిచేదాకా, అప్రతిహతంగా ఏలుకుంది.