నెమలి మెడ విడవని ఆదివారం

పాత తంతివాద్యాలను బాగుచేయడంలో తీగలాయనకు ఎంత పేరుందో, తోడల్లుణ్ణి తప్పించుకు తిరగడంలో అంత అపకీర్తి ఉంది. ఆ తోడల్లుడు ఈమధ్యనే ఇల్లు కట్టాడు. కట్టి ఊరుకోక, కనిపించిన వారికల్లా దానిని ఇటుక ఇటుకగా వర్ణిస్తాడు. బంధువులు ఆయనకు కాంక్రీటుగారని పేరు పెట్టుకున్నారు. కిందటిసారి తీగలాయన పునాదుల దాకా విన్నాడు. గోడలు లేచే వేళకు తాను ఆ చాయలకే పోరాదని నిశ్చయించుకున్నాడు.

ఆదివారం ఉదయం అక్కగారింటికి బయలుదేరదామని భార్య ముస్తాబై వచ్చేసరికి ఆయన పనిగదిలో బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. ఒడిలో నెమలి ఆకారపు పాత వాద్యం. విరిగిన నెమలి మెడను మొండేనికి ఆనించి, రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

"జిగురు పెట్టానే. సాయంత్రం దాకా వదిలితే ఊడిపోతుంది. నువ్వు వెళ్లిరా."

"ఇంత పనిలో ఉన్న మనిషిని వదిలేసి నేనెలా వెళ్తానండీ?" అని ఆవిడ ఫోను తీసి, అక్కాబావలనే రమ్మంది.

గంట తిరక్కుండా కాంక్రీటుగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. లేచిపోలేని శ్రోత దొరకడం ఆయన జీవితంలో అదే ప్రథమం. గోడలు లేచాయి. కిటికీలు బిగిశాయి. చెవులు మూసుకుందామంటే తీగలాయనకు చేతులు ఖాళీ లేవు. చేతికి దొరికినది నెమలి పీక. పట్టుకోవలసిన పీక ఎదుటి కుర్చీలో ఉంది.

భోజనాలకు పిలుపు వచ్చింది. ఇదే అదనని ఆయన కదలబోతే కాంక్రీటుగారు వారించారు.

"కదలకు తమ్ముడూ. సెట్టయ్యేటప్పుడు కదిలిస్తే బీటలిస్తుంది. మా స్లాబూ ఇంతే."

ఆపైన స్లాబు సంగతి వచ్చింది.

వాళ్లు తిని చేతులు కడుక్కుంటుండగా భార్య కంచం తెచ్చి ముద్ద నోటికందించింది. కాసేపు నువ్వు పట్టుకోవే అని ఆయన బతిమాలాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "మీ జిగురు కాగాల్సింది నా పొయ్యి మీదేగా. పొద్దుట్నుంచీ ఆ జిగురు గిన్నె పొయ్యే ఎక్కలేదు. మీరే పట్టుకోండి."

ఆయన నోటిలో ముద్ద ఉంది. దాన్ని మింగి, నెమలి మెడను మళ్లీ అదిమి పట్టుకున్నాడు.

సాయంత్రానికి ఇంటికి రంగులు కూడా పడ్డాయి. ఇంత ఓపిక గల మనిషి మన బంధువర్గంలోనే లేడని కాంక్రీటుగారు లేస్తూ లేస్తూ మరదలితో మెచ్చుకున్నారు. మేడమీది గది మిగిలిపోయిందని నొచ్చుకున్నారు కూడా.

"దానికేం బావగారూ, వచ్చే ఆదివారం రండి. నెమలికి తోక అతికించాలట. ఈయన ఎక్కడికీ కదలరు."

వాళ్లు వీధి మలుపు తిరిగాక తీగలాయన చేతులు వదిలాడు. నెమలి తల వాలిపోయింది. కాసేపటికి ఆయనదీ.