తైదుంగ్‌ని వెళ్లకుండానే చూడాలి

ఏ ఊరినైనా పూర్తిగా చూడాలంటే ఉన్నది ఒకటే పద్ధతి. ఆ ఊరికి వెళ్లకూడదు.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. తైవాన్ ద్వీపానికి తూర్పు అంచున తైదుంగ్ అని ఒక జిల్లా ఉంది. తైవాన్ వెళ్లేవాళ్లలో కూడా చాలామంది అటు పోరు. అక్కడి కొండలు, వరిమళ్లు, వేడినీటి బుగ్గలు, సముద్రం మీది వంతెన అన్నీ నాకు కొట్టినపిండి. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇంత పాండిత్యం ఎలా అబ్బిందంటారా? సౌదీలో, అల్ ఖోబర్‌లో, అల్ అజీజియాలో, రెండో అంతస్తు ఫ్లాట్‌లో పదకొండేళ్లుగా కూర్చోవడం వల్ల అబ్బింది.

వెళ్లినవాళ్లు ఏం చూస్తారు చెప్పండి? క్యూలో ముందున్నవాడి వీపు చూస్తారు. కొత్త బూట్లు కరిచిన మడమ చూసుకుంటారు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "బానే ఉందండీ, కాస్త ఉక్కపోత" అంటారు. అంత దూరం పోయి ఉక్కపోత చూసి రావడమా! వెళ్లని మనిషికి ఉక్కపోత లేదు, మడమ లేదు, ముందువాడి వీపు లేదు. ఊరొక్కటే ఉంటుంది.

ఈ విషయంలో ప్రభుత్వం వారు కూడా నాకు ఎంతో సాయం చేశారు. ఇక్కడ ఉండనిచ్చే కార్డుని ఇకామా అంటారు. భర్త వెంట వచ్చిన నాలాంటి వాళ్ల ఇకామాలో, పని చేయడానికి అనుమతి లేదని స్పష్టంగా ఉంటుంది. పని లేని మనిషి కన్నా తీరిగ్గా ఊళ్లు చూసేవారెవరు? వంట, అంట్లు, ఇస్త్రీ, పిల్ల చదువు ఇవేవీ పని కిందికి రావని నేను కూడా ఒప్పుకుంటాను. వస్తే పదకొండేళ్లుగా రోజూ నేరం చేస్తున్నట్టవుతుంది.

మా ఎదురింటి సుజిత ఆసుపత్రిలో నర్సు. ఆమె కార్డులో ఉద్యోగం పేరు ఉంటుంది. ఒకరోజు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అక్కా, నేనైతే డ్యూటీ దిగి వచ్చి పడుకుంటాను. నువ్వు డ్యూటీ ఎక్కనే లేదు. ఇంక దిగేదెప్పుడు?" అంది.

ఇలా హాయిగా ఉన్న నా జీవితంలోకి తైదుంగ్ ఎలా వచ్చిందో చెప్పాలి. మావారు థామస్ ఖోబర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తారు. నితాకాత్ అని, కంపెనీలకు రంగులు వేసే పద్ధతి ఒకటి ఉంది. సౌదీ ఉద్యోగులు సరిపడా ఉన్న కంపెనీ పచ్చ. తగ్గితే పసుపు. మరీ తగ్గితే ఎరుపు. మావారి ఆఫీసు పసుపులో పడి, ఎరుపు వైపు జారుతోంది. ఆ పైన కుటుంబాల మీద కొత్త పన్ను వచ్చింది. ఇంటాయన మీద ఆధారపడ్డ ప్రతి తలకీ నెలనెలా కట్టాలి. పుట్టిన నలభై ఏళ్లకు ఒక ప్రభుత్వం నా తలకి వెల కట్టిందని నేను పొంగిపోయేలోపే, మా బిల్డింగు ఖాళీ అవడం మొదలైంది. ఒకప్పుడు పన్నెండు గుమ్మాల ముందు చిన్నపిల్లల చెప్పులుండేవి. ఇప్పుడు అయిదు గుమ్మాల ముందే ఉన్నాయి.

ఆఫీసు యజమాని, అంటే మావారి కఫీల్, రంగు మార్చుకోవడానికి బందర్ అనే సౌదీ ఉద్యోగిని తీసుకున్నారు. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదైన మనిషి. మాది మచిలీపట్నం పక్క కాబట్టి పేరు వినగానే నాకు అభిమానం పుట్టింది. మావారికి పుట్టలేదు. ఎందుకంటే ఆ ఆఫీసులో ఉన్న పని ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ.

కఫీల్ గారు మావారిని పిలిచి చెప్పారు. టర్కీ అందరూ అమ్ముతున్నారు, జార్జియా అందరూ అమ్ముతున్నారు, ఎవరూ అమ్మని ఊరు కావాలి. పళ్లడాక్టరు గోడ మీద క్యాలెండర్‌లో ఆయనకు తైదుంగ్ కనబడిందట, వేడిగాలి బెలూన్లతో సహా. వేసవి సెలవులకు ఆ ఊరికి నాలుగు కుటుంబాలు బుక్ అయితే థామస్ ఇకామా రెన్యువల్. కాకపోతే ఫైనల్ ఎగ్జిట్. అంటే మా ముగ్గురికీ తిరిగి రానక్కర్లేని టికెట్లు.

మావారు ఇరవై ఏళ్లుగా టికెట్లు కొడుతున్న మనిషి. ప్రపంచంలో ఏ ఊరినైనా మూడు ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పేస్తారు. తైదుంగ్‌ని టి.టి.టి. అన్నారు. నాలుగో అక్షరం ఆయన దగ్గర లేదు.

"నువ్వు డిగ్రీలో జాగ్రఫీ కదా?" అన్నారు ఆ సాయంత్రం, టీ కప్పు నా చేతికి ఆయనే అందిస్తూ. పెళ్లయిన పదహారేళ్లలో నా డిగ్రీ ఆయనకు గుర్తు రావడం అదే మొదలు. టీ పెట్టడం రెండోసారి.

అలా ఆ ఊరి టూరు కాగితాలు రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు వంతెన చూశాను. ఎనిమిది వంపులతో, సముద్రం మీద ఎగిరిన రాయిలా గెంతుకుంటూ చిన్న దీవి దాకా పోతుంది. పిల్ల ఎక్కాలు రాసేలోపు చిషాంగ్ ఊరి వరిమళ్లలో నడిచాను. అక్కడ ప్రసిద్ధి చెందిన పండు ఏదనుకున్నారు? సీతాఫలం. అన్ని సముద్రాలు దాటి వెతికితే మా మేనత్త పెరట్లో కాయ దొరికింది. బుద్ధుడి జుట్టులా ఉందని దానికి ఆయన పేరే పెట్టుకున్నారట. దులాన్ అనే ఊళ్లో ఒక చిన్న కాలవ ఉంది. అందులో నీళ్లు పల్లం నుంచి మెరకకు పారతాయి. నిజానికి చుట్టూ ఉన్న నేల వాలు వల్ల కన్ను మోసపోతుందంతే. అయినా బస్సులు కట్టుకుని వచ్చి చూస్తారు. కిందివాడు చేసిన పని పైవాడి పేరులోకి పారడం రోజూ చూసే మావారికి అందులో వింతేమీ కనబడలేదు.

ఒక్కచోట మాత్రం ఆయన వేలు ఆగింది. అక్కడి అమిస్ తెగలో పాత ఆచారం ప్రకారం ఇల్లు ఆడదానిది, పెళ్లయ్యాక మగవాడే ఆమె ఇంటికి వచ్చి ఉంటాడు అని రాశాను.

"ఇది తీసెయ్యి."

"సంస్కృతి అండీ."

"టికెట్టు కొనేది మగాళ్లు."

"ఎక్కడికి వెళ్లాలో చెప్పేది?"

మావారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఆ ఊళ్లో డిపెండెంట్ మొగుడన్నమాట."

"అన్నమాటే."

"పాపం" అన్నారు. ఎవరిని అన్నారో అడగలేదు. ఆ పేరాని ఆరో పేజీలో, సీతాఫలం కింద దాచాను. అంత లోపలి దాకా ఆయన చదవరు.

నా పాండిత్యంలో ఒక చిన్న లోపం కూడా చెప్పుకోవాలి. ఇక్కడ నమాజు వేళకు దుకాణాలు మూసేస్తారు. హోటళ్లలో మగవాళ్లకు ఒక వైపు, కుటుంబాలకు ఇంకో వైపు ఫ్యామిలీ సెక్షన్ ఉంటుంది. పదకొండేళ్లు ఇలా బతికాక అది ఒక ఊరి పద్ధతిలా అనిపించదు, లోకమంతా ఉండే వాతావరణంలా అనిపిస్తుంది. కాబట్టి తైదుంగ్ టైం టేబుల్‌లో, "మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా దుకాణాలు మూసి ఉంటాయి, అప్పటిదాకా పొలాలు చూడవచ్చు. భోజనం ఫ్యామిలీ సెక్షన్‌లో" అని తడుముకోకుండా రాసేశాను.

మావారు చదివారు, అనుమానం రాలేదు. బందర్ దాన్ని అరబ్బీలోకి మార్చాడు, అతనికీ రాలేదు. ముగ్గురిలో ఏ ఒక్కరం ఆ ఊరికి వెళ్లి ఉన్నా తప్పు దొరికిపోయేది. దొరికితే కాగితం మామూలు కాగితం అయిపోయేది. వెళ్లకపోవడం ఎంత మేలో చూడండి.

బందర్ ఒక కాపీ వాళ్లమ్మకిచ్చాడు. ఆవిడ తన స్నేహితురాళ్లకు చూపించింది. మిగతా ఏజెన్సీల వాళ్లు టవర్లు, మాల్స్ అంటారే గానీ, కుటుంబం ఎక్కడ కూర్చోవాలో ఒక్కరైనా రాశారా అని మెచ్చుకున్నారట. ఆరో పేజీ కూడా చేతులు మారిందట. పదిహేను రోజుల్లో నాలుగు కుటుంబాలు బుక్ అయ్యాయి.

జూలైలో మొదటి కుటుంబం వెళ్లింది. ఇంటి పెద్ద ఉమ్ ఫైసల్, అంటే ఫైసల్ వాళ్లమ్మ, రిటైరైన స్కూలు ప్రిన్సిపాల్. వెళ్లిన మూడో రోజు మావారు ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు.

"వాయిస్ మెసేజ్ వచ్చింది. దుకాణం మూయలేదంట."

"ఏ దుకాణం?"

"నువ్వు మూస్తారని రాసిన దుకాణం."

అప్పుడు, అప్పుడు మాత్రమే, నా జాగ్రఫీ నాకు తిరిగొచ్చింది. మావారు బీరువా మీద నుంచి పెద్ద సూట్‌కేసులు రెండూ దించారు.

"ఇంకా ఏమీ కాలేదు కదండీ."

"చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూస్తున్నానంతే" అన్నారు. ఒకటి తిరగలేదు. దానికి కొబ్బరినూనె రాశారు.

వచ్చే ఏడాది పిల్ల ఏ స్కూల్లో చదువుతుందో చెప్పగల మనిషి ఆ వారమంతా మా ఇంట్లో లేరు.

ఉమ్ ఫైసల్ తిరిగి రాగానే నేరుగా ఆఫీసుకే వెళ్లింది. అక్కడ జరిగింది నేను చూడలేదు. చూడకపోయినా రాయగలనని మీకు ఈపాటికి నమ్మకం కుదిరే ఉంటుంది.

చిషాంగ్‌లో ఆ కుటుంబం మధ్యాహ్నం ఒక చిన్న భోజనశాల దగ్గరికి వెళ్లిందట. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కాగితంలో మూసి ఉంటుందని ఉంది. కాగితాన్ని గౌరవించి అందరూ పొలం గట్టు మీద అరగంట కూర్చున్నారు. యజమానురాలు, డెబ్బై ఏళ్ల అమిస్ ముసలమ్మ, బయటికొచ్చి వీళ్లను చూసి, లోపలికెళ్లి, సీతాఫలాలు తెచ్చి పెట్టింది. పన్నెండున్నరకు వీళ్లు లేచి ఫ్యామిలీ సెక్షన్ ఎక్కడని ఫోన్లో అనువాదం చేసి చూపించారు. ఆవిడ కాసేపు ఆలోచించి తన ముసలాయన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి బల్లని తమ సొంత వంటింట్లోకి మోసి, గుమ్మానికి దుప్పటి కట్టారు. చేపలు, గుడ్లు, అన్నం. ఉమ్ ఫైసల్ ఆరో పేజీ గుర్తొచ్చి, ఈ ఇల్లు ఎవరిదని అడిగిందట. ముసలాయన అంట్లు తోముతూనే భార్య వైపు చెయ్యి చూపించాడట.

"ఇన్ని దేశాలు తిరిగాను, ఒక ఇంటి లోపలికి వెళ్లి తినడం ఇదే మొదలు" అని కఫీల్‌తో చెప్పింది ఉమ్ ఫైసల్. "మా చెల్లెళ్లందరూ వెళ్తారు. ఇది రాసిందెవరు?"

బందర్ మంచివాడు. "నేను అరబ్బీలోకి మార్చానంతే" అన్నాడు.

అందరూ మావారి వైపు తిరిగారు. నా పేరు చెబితే, అనుమతి లేని మనిషి పని చేసినట్టు. ఎవరో తెలియదంటే, ఆఫీసుకి మావారి అవసరం లేనట్టు. ఆయన ఏసీ వైపు చూశారట. తర్వాత "నేనే" అన్నారట.

"ఏం చెయ్యమంటావు జాయ్సీ?" అన్నారు ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలోనే నిలబడి.

"మంచి పని చేశారు."

"కోపమా?"

"చేప మాడిపోతోంది, జరగండి."

కఫీల్ గారు ఎంతో సంతోషించి, ఊరిని అంత బాగా ఎరిగిన థామస్‌నే తర్వాతి బృందానికి గైడ్‌గా పంపారు. తొమ్మిది రోజులు!

"అన్నయ్యకి తైవాన్, నీకు వాట్సాపా అక్కా?" అంది సుజిత.

అవును, వాట్సాపే. అక్కడ పదకొండైతే ఇక్కడ ఆరు. పిల్ల టిఫిన్ కడుతూ ఆయన్ని ఊరంతా తిప్పాను. బస్సు దిగి ఎడమకు అన్నాను. ఆయన గైడ్ కదా, బృందం వైపు తిరిగి నిలబడి తన ఎడమకు వెళ్లారు. అందరూ ఒక కోళ్లఫారం చూసి వచ్చారు. ఆ తర్వాత వంతెన మీద నిలబడి ఫొటో పంపి, "దీని పేరేంటి?" అని అడిగారు. పేరు చెప్పాను. ఎన్ని వంపులని అడిగారు. దాని మీద నిలబడ్డ మనిషికి ఎనిమిదని చెప్పాను. చూశారా, వెళ్లినవాళ్లకు ఏమీ కనబడదు.

ఇకామాలు రెన్యువల్ అయ్యాయి. నాది కూడా. అందులో మార్పేమీ లేదు.

పోయిన వారం కఫీల్ గారు కొత్త ప్యాకేజీ అడిగారు. ఈసారి దేశంలోనే. దక్షిణాన కొండల మీద ఉన్న అభా. పాస్‌పోర్టు అక్కర్లేదు, దమ్మాం నుంచి విమానం ఉంది. మావారు ధీమాగా వచ్చి నా ముందు కాగితాలు పెట్టారు.

నేను కంప్యూటర్ తెరిచి, ఆయన ఎదురుగానే, పావుగంట శ్రద్ధగా వెతికాను.

"ఏమీ లేదండీ" అన్నాను.

"ఏమీ లేకపోవడమేంటి?"

"పేరుంది. ఫొటో ఒకటి ఉంది, అదీ మసగ్గా. ఎవరో ఒకరు వెళ్లి చూసి రాయాల్సిందే. చూసేది మీరైతే రాసేది నేనెలా? నేను వెళ్తే పిల్లనెక్కడ వదలను?"

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "మూడు టికెట్లా?"

"రానూ పోనూ."

ఆయన ఏ.హెచ్.బి. అని కొట్టడం మొదలుపెట్టారు.

అభాలో పొగమంచు కొండ దిగి రోడ్ల మీదికి వస్తుంది. కోతులు కార్ల మీద కూర్చుని బిస్కెట్ల కోసం చూస్తుంటాయి. అక్కడి ఆడవాళ్లు తమ ఇంటి లోపలి గోడల నిండా ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో గీతలు, త్రికోణాలు వేస్తారు. బొమ్మ కింద ఎవరి పేరూ ఉండదు. ఇవన్నీ ఇంటర్నెట్‌లో ఫొటోలతో సహా బోలెడంత ఉన్నాయి. నాలుగు రోజుల నుంచి చదువుతూనే ఉన్నాను.

ఆ గోడ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటుందో, గరుగ్గా ఉంటుందో మాత్రం ఎవరూ రాయలేదు.