వెలిగే తోక, పోయిన పళ్ళు

పళ్ళ మేస్త్రి ఆ రోజుకి వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి కట్టుడుపళ్ళ సెట్టు డబ్బాలో సర్దడం, పదింటికి దాన్ని రేడియో తాతగారి నోట్లో అమర్చడం, పన్నెండింటికి ఇంటిల్లిపాదీ రేడియో ముందు కూర్చుని ఆయన చదివే కథ వినడం. ఈ పథకంలో వాళ్ళమ్మకి గాని, పిల్లికి గాని ఏ పనీ కేటాయించలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

'పళ్ళ మేస్త్రి' అనేది వీధి పెట్టిన పేరు. ఇంటి ముందుగదిలో కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. మనిషి మొహం మర్చిపోతాడు గాని, నోరు తెరిస్తే ఇట్టే గుర్తుపడతాడు. రేడియో తాతగారు ముప్ఫయ్యేళ్ళపాటు మధ్యాహ్నం పన్నెండింటికి రేడియోలో కథలు చదివిన మనిషి. మూడేళ్ళ కిందట పై పళ్ళన్నీ పోయాయి. ఎవరో చేసిన సెట్టు పెట్టుకున్న దగ్గర్నుంచి 'స' అన్నప్పుడల్లా ఆయన నోట్లోంచి ఈల రావడం మొదలైంది. కథ మధ్యలో కుక్కరు కూస్తోందంటూ శ్రోతలు ఉత్తరాలు రాశారు. తాతగారు చిన్నబుచ్చుకుని మైకు వదిలేశాడు. అప్పట్నుంచి ఈల పలికించే అక్షరాలున్న మాటల జోలికే పోడు. 'సరే' అనాల్సిన చోట 'అలాగే' అంటాడు. సోమవారాన్ని 'ఆదివారం మర్నాడు' అంటాడు.

మేస్త్రికి ఆయన కథలంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం. అందుకే ఐదుసార్లు మైనంతో నమూనా చేసి, ఐదుసార్లూ ఆయన చేత పేజీలకు పేజీలు చదివించి, ఈల పూర్తిగా చచ్చేదాకా అరగదీశాడు. రేడియోవాళ్ళు కూడా, "ఒక్కరోజు చదవండి, బాగుంటే మళ్ళీ మీరే" అన్నారు. ఆ ఒక్కరోజు ఇవాళే.

పొద్దున్నే మేస్త్రి ఆ సెట్టుని ఇంటి వాష్‌బేసిన్ దగ్గర మెరుగుపొడి పోయేలా కడిగాడు. ఆరితే అంచులు బిగుసుకుంటాయని, అక్కడే అరమీదున్న తెల్ల కప్పులో నీళ్ళు పోసి, అందులో వేసి మూత పెట్టాడు. దుకాణం కోసం అలాంటి కప్పులు డజను కొన్నాడు. వాటిలో పదకొండు ముందుగదిలో ఉంటాయి, ఒకటి ఇంట్లోకి వచ్చేసింది. అంతలో ఫోను మోగింది.

"బాబూ, అయిందా?" అన్నాడు తాతగారు. అది ఆ ఉదయం నాలుగో ఫోను.

"అయింది తాతగారూ. కంగారు పడకండి."

"ఊడిపోదు గదా?"

"మీరు ఊడబెరికినా ఊడదు."

ఓ పావుగంట ధైర్యం చెప్పి వచ్చి, కప్పు తీసుకెళ్ళి ముందుగది బల్లమీద పెట్టుకున్నాడు. తొమ్మిదింటికి మూత తీశాడు. నీళ్ళున్నాయి. పళ్ళు లేవు.

"అమ్మా!" అని అతను పెట్టిన కేకకు వీధి చివర్న మిషన్ కుడుతున్న టైలరు కూడా ఆగిపోయాడు.

మేస్త్రి తల్లిని వీధిలో అందరూ డిటెక్టివ్ పెద్దమ్మ అంటారు. అపరాధ పరిశోధన నవలలు ఆవిడ చదివినన్ని ఆ ఊరి లైబ్రరీలో కూడా లేవు. ఆవిడ ఒళ్ళో ఎప్పుడూ ఓ బూడిదరంగు పిల్లి ఉంటుంది. దాని పేరు దివిటీ. ఎవరైనా ఓ వస్తువు పోయిందని మనసులో గట్టిగా అనుకున్నారంటే, ఆ వస్తువు రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు దివిటీ తోక చివర బల్బులా వెలుగుతుంది. ఎందుకు వెలుగుతుందో ఎవరికీ తెలియదు. వెలగడం మాత్రం వీధంతా చూసిందే. పెద్దమ్మ దగ్గర దానికో నోటుపుస్తకం కూడా ఉంది. అందులో మూడు గడులు: పోయిన వస్తువు, దొరికిన చోటు, దోషి. ఇప్పటికి నలభై ఒక్క కేసులు ఎక్కాయి. సూదులు, తాళాలు, ఒక ఉంగరం, ఒకసారి టైలరుగారి కొలతల టేపు.

"మూత వేసింది వేసినట్టే ఉంది, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, సరుకు మాత్రం లేదు," అంది పెద్దమ్మ కప్పు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి. ఆవిడ కళ్ళల్లో ఆనందం దాగడం లేదు. "ఇది సాదాసీదా దొంగ చేసే పని కాదురా. కిటికీ తెరిచే ఉందా?"

"ఉంది. అమ్మా, ముందు దివిటీని తీసుకురా!"

"ఇదిగో, నా చేతుల్లోనే ఉంది. చూడు, అప్పుడే వెలిగింది!"

నిజమే. తోక చివర ధగధగలాడుతోంది. ముగ్గురూ గదంతా గాలించారు. మూడో మనిషి మేస్త్రి భార్య. సర్వే ఆఫీసులో భూములు కొలిచే ఉద్యోగం ఆవిడది. ఆ రోజు కథ వినాలని సెలవు పెట్టుకుంది. బల్లకింద, సొరుగుల వెనక, మైనం డబ్బాల్లో కూడా వెతికారు. పెద్దమ్మ పిల్లినెత్తుకుని ఏ మూలకెళ్తే ఆ మూల వెలిగింది గాని, పళ్ళు మాత్రం లేవు.

"అత్తయ్యా, గదంతా వెలుగుతోందంటే ఎలాగండీ? వస్తువు ఒకచోటే కదా ఉంటుంది?" అంది కోడలు.

"వస్తువు పోయిందమ్మాయ్, దాని జాడ మిగిలింది. దివిటీ ఇప్పుడు జాడ పట్టింది. పద వీధిలోకి!"

ఆవిడ మాట ఎప్పుడూ కాస్త నమిలినట్టుంటుంది. ఆ రోజు మాత్రం ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు స్పష్టంగా వినిపిస్తోంది. పెద్ద కేసు దొరికిన హుషారు కాబోలనుకున్నారు కొడుకూ కోడలూ. దివిటీకి తడినేల మీద నడవడం నామోషీ. అందుకని పెద్దమ్మే దాన్ని చంకనేసుకుని బయల్దేరింది.

మొదట ఎదురింటి గడియారాల దుకాణం. కౌంటరు మీదికి పెద్దమ్మ వంగేసరికి తోక వెలుగు అద్దాల మీద పడి గడియారాలన్నీ మెరిశాయి. గడియారాలాయన ఒకసారి తోకను చూశాడు, ఒకసారి పెద్దమ్మను చూశాడు. కంటికి బిగించుకున్న భూతద్దం జారి కింద పడింది.

"పెద్దమ్మా, తప్పయిపోయింది! ఇచ్చేద్దామనే అనుకుంటున్నా."

"తీయండి బయటికి!" అన్నాడు మేస్త్రి.

ఆయన సొరుగు లాగి తీసిచ్చింది పళ్ళు కాదు, సన్నటి ఆకురాయి. రెండేళ్ళ కిందట ఒక్క గంటలో ఇస్తానని మేస్త్రి దగ్గర పట్టుకెళ్ళినది. దానికోసం మేస్త్రి అప్పట్లో వారంరోజులు భార్యతో మాట్లాడలేదు, ఆవిడే ఎక్కడో పారేసిందని.

"నేను పారేశానన్నారు కదూ?" అంది కోడలు నెమ్మదిగా.

"ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు మేస్త్రి ఆకురాయి జేబులో వేసుకుంటూ. టైం తొమ్మిదిన్నర దాటింది.

పక్కనే బేకరీ. ఇంకా గడప దాటకుండానే తోక వెలుగు చూసి బేకరీ ఆవిడ చేతిలో ట్రే దించేసింది.

"దాచను పెద్దమ్మగారూ. చక్కెర లేనివని మీకు ఆర్నెల్లుగా ఇస్తున్న బిస్కెట్లు... వాటిలో చక్కెర ఉందండీ. మొదట్లో నిజంగానే లేకుండా చేశా. మీరు ఒకటి కొరికి మొహం అదోలా పెడితే మనసొప్పలేదు."

పెద్దమ్మ ఊపిరి బిగబట్టింది. అందరూ తుఫాను వస్తుందనుకున్నారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే. ఇది నేరమే. విచారణ తర్వాత చేస్తాను. ఈలోగా సాక్ష్యానికి అవే రెండు పొట్లాలు కట్టు," అంది.

మూడో మనిషి పోస్ట్‌మ్యాన్. సైకిల్ మీద ఎదురొస్తూ తోకను చూసి పక్క సందులోకి తిప్పబోయాడు. గడియారాలాయన హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆకురాయి ఇచ్చేశాక ఆయన పూర్తిగా న్యాయం పక్షానికి మారిపోయాడు.

"మీ అపరాధ పరిశోధన పత్రిక నెలనెలా ఒకరోజు ఆలస్యంగా ఇస్తున్నది నేనేనమ్మా," అన్నాడు పోస్ట్‌మ్యాన్ టోపీ తీసి. "ముందు నేను చదివి ఇస్తున్నాను. హంతకుడెవరో తెలిసిపోయాక మీ ఇంటి గుమ్మంలో నిలబడి మామూలుగా మాట్లాడాలంటే ఎంత నరకమో నాకు తెలుసు."

"ఈ నెలది?" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి.

"వంటమనిషి కాదు. అంతకంటే చెప్పను."

పదిన్నరయ్యేసరికి ముందు వెలిగే తోకతో పెద్దమ్మ, వెనక మేస్త్రి, కోడలు, నేరం ఒప్పుకున్న ముగ్గురు, ఎందుకైనా మంచిదని కొలతల టేపు మెడలో వేసుకుని టైలరు, ఊరేగింపు తయారైంది. ఒప్పుకున్నవాళ్ళ మొహాలు తేటపడ్డాయి. మేస్త్రి మొహం మాత్రం తను చేసే మైనం నమూనాలా పాలిపోయింది. మళ్ళీ సెట్టు చేయాలంటే ఎంత తక్కువన్నా వారం పడుతుంది. తాతగారికి మిగిలింది గంటన్నర. ఆ పెద్దాయన గొంతు మళ్ళీ మూగబోతే అది తన బల్లమీదే, తన చేతుల్లోనే జరిగినట్టవుతుంది. అతనికి ఏడుపొచ్చేలా ఉంది.

పెద్దమ్మ వీధి మధ్యలో ఠక్కున ఆగింది.

"పళ్ళు పోతే ఇవాళ మైకు ముందు కూర్చునే బాధ ఎవరికి తప్పుతుంది? తాతగారికి! ఆయన పళ్ళు ఆయనే ఎత్తుకుపోయాడు!"

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆయన్నేమీ అనకు," అంటూనే ఉన్నాడు మేస్త్రి. ఊరేగింపు అప్పటికే మలుపు తిరిగింది.

పదింటికి రావాల్సిన మేస్త్రి రాకపోయేసరికి, తాతగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కథ కాగితాలు పట్టుకుని తన ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. తోక వెలుగు ఆయన కళ్ళద్దాల మీద పడింది.

"ఒప్పుకోండి!" అంది పెద్దమ్మ.

తాతగారు తలదించుకున్నాడు. "నిజమేనమ్మా. తప్పు నాదే," అన్నాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "నేను తీయలేదు. కానీ పొద్దున లేచినప్పట్నుంచీ అవి పోతే బాగుణ్ణని కోరుకుంటూనే ఉన్నాను. మూడేళ్ళయింది మైకు ముందు కూర్చుని. మళ్ళీ ఆ ఈల వినపడితే ఇక నేను బతికున్నా లేనట్టే. నాకు భయమమ్మా."

బేకరీ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మకు మాత్రం కోపం వచ్చింది. ఆవిడకు ఇష్టమైనవాళ్ళు భయపడితే ఎప్పుడూ కోపమే వస్తుంది.

"సిగ్గులేకపోతే సరి! ఈ పాటి దానికి భయమా? ఇటివ్వండి ఆ కాగితాలు," అని లాక్కుంది. పిల్లిని కోడలి చేతికిచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కంచుగంట లాంటి గొంతుతో చదివింది: "సాయంసంధ్య వేళ సముద్రం సద్దుమణిగింది. సరంగు సంచి సర్దుకుని..."

అరుగు మీదున్న వాళ్ళంతా నిజంగానే సముద్రాన్ని చూస్తున్నట్టు నిలబడిపోయారు. తాతగారు మాత్రం మెల్లగా లేచాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఇంకో వాక్యం విన్నాడు. మూడేళ్ళలో మొదటిసారి తనంతట తానే ఈల వేశాడు.

"ఆ 'స' నాది!"

సరిగ్గా అప్పుడే కోడలు ఒకడుగు వెనక్కి వేసింది. తోక ఆరిపోయింది. ముందుకు వేసింది. వెలిగింది. ఉద్యోగం అలవాటు కాబట్టి టైలరు మెడలో టేపు అందుకుని అటూ ఇటూ మూడుసార్లు చూసుకుంది.

"అత్తయ్యా," అంది, "మీ నోటికి సరిగ్గా రెండడుగుల దాకా వెలుగుతోందండీ."

మేస్త్రి తల్లి దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, ఆ అనవే!" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. ఐదుసార్లు అరగదీసిన తన పనితనాన్ని అతను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? గుర్తుపట్టి అరుగు మీద చతికిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. అమ్మ పళ్ళు వదులయ్యాయని నెల్లాళ్ళుగా సణుగుతోంది. ఆవిడకు చెప్పకుండా బిగించి పెట్టి సంతోషపెడదామని, నిన్న రాత్రి ఆవిడ పడుకున్నాక, ఆవిడ పళ్ళు పెట్టుకునే ఆ తెల్ల కప్పులోంచి సెట్టు తీసి, బిగించి, తన సొరుగులో పెట్టి మర్చిపోయాడు. పొద్దున ఖాళీగా కనిపించిన ఆ కప్పులోనే తాతగారివి వేశాడు. అతను ఫోనులో ధైర్యం చెబుతుంటే, పెద్దమ్మ కళ్ళజోడు లేకుండా లేచొచ్చి, అలవాటు ప్రకారం అందులోంచి పళ్ళు తీసి, పొడి చల్లి అంటించుకుని, పద్ధతైన మనిషి కాబట్టి మూత పెట్టేసి వెళ్ళిపోయింది.

"నువ్వు బిగించావేమో అనుకున్నానురా. ఇంత హాయిగా ఎన్నడూ మాట్లాడలేదు," అంది పెద్దమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత జరిగిందంతా పరుగే. పళ్ళు మేస్త్రి దుకాణానికి చేరాయి. బేకరీ ఆవిడ మరిగే నీళ్ళు పట్టుకొస్తే, "వేడి తగిలితే వంకరపోతాయి!" అని మేస్త్రి అరిచాడు. మందునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తోమాడు. నాలుగోసారి తోమబోతుంటే తాతగారు చెయ్యి పట్టుకున్నాడు.

"చాలు బాబూ. మీ అమ్మగారి ధైర్యం కూడా వాటికి అంటుకుని ఉంటుంది. అదంతా పోయేలా కడక్కు."

పోస్ట్‌మ్యాన్ సైకిల్ వెనక కూర్చుని తాతగారు రేడియో ఆఫీసుకు చేరేసరికి పన్నెండుకి ఆరు నిమిషాలు తక్కువ.

పన్నెండింటికి మేస్త్రి ఇంట్లో అందరూ రేడియో చుట్టూ కూర్చున్నారు. "శ్రోతలకు నమస్కారం," అంది ఆ పాత గొంతు. శుభ్రంగా, నిబ్బరంగా, ఎక్కడా ఈల లేకుండా. 'శ్రోతలకు' అనకుండా 'వినేవాళ్ళకు' అని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది, ఆకురాయి సంగతి ఇవాల్టికి వదిలేసినట్టే. రేడియో పక్కన పడుకున్న దివిటీ తోక చివర మళ్ళీ మెల్లగా వెలిగింది. మూడేళ్ళుగా పోయిందేదో అక్కడికి రెండడుగుల్లోనే ఉందన్నమాట.

పెద్దమ్మ బిగించిన తన పళ్ళు తను పెట్టుకుని, సాక్ష్యం పొట్లంలోంచి ఓ బిస్కెట్టు తీసి కొరికి, నోటుపుస్తకం తెరిచింది. కేసు నెంబరు నలభై రెండు. పోయిన వస్తువు: పై పళ్ళ సెట్టు. దొరికిన చోటు: ఇంట్లోనే. ఆ రెండు గడులూ గుండ్రటి అక్షరాలతో నింపి, మూడో గడి దగ్గర కలం పట్టుకుని కథ అయ్యేదాకా ఆలోచించింది.

దోషి అన్న చోట ఇప్పటికీ, 'పిల్లి చెప్పలేకపోయింది' అని రాసి ఉంటుంది.