గురువారం తీసే మందు

సోమవారం పొద్దున్న పరుపుల ఇలియాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏలూరు తంగెళ్ళమూడిలో తన కొట్టు మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచాలి. ఆ తర్వాత తాడేపల్లిగూడెం వెళ్ళి, తన భార్య హఫ్సాకు వచ్చిన జబ్బే ఇంకెవరికైనా ఉందేమో ఆసుపత్రుల దగ్గర వాకబు చెయ్యాలి.

హఫ్సాకు పేగులో గడ్డ ఉంది. అది అక్కడే ఆగిందో, వేరేచోటికి పాకిందో తెలియందే ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టరు. తెలియాలంటే బెజవాడలో ఒక స్కాన్ తీయించాలి. స్కాన్‌కు ముందు నరంలోకి ఒక మందు ఎక్కించాలి. స్కాన్ ఖర్చుకు ఇలియాస్ ఎలాగో సిద్ధపడ్డాడు గానీ, ఆ మందు ఖరీదు విన్నాక కుడుతున్న పరుపు మీదే కూలబడిపోయాడు. సెంటరులో ఫోనెత్తిన అమ్మాయి జాలిపడి ఒక దారి చెప్పింది. ఆ మందు నిలవ ఉండదట. అప్పటికప్పుడు తీసి వెంటనే వాడెయ్యాలట. ఒక్కరికి తీసినా ముగ్గురికి తీసినా ఖర్చు ఇంచుమించు ఒకటే కాబట్టి, ఇంకో ఇద్దరు తోడైతే గురువారం తీస్తారు, ఖర్చు ముగ్గురూ పంచుకోవచ్చు. ఆ ఇద్దరి పేర్లూ ఇవాళ సాయంత్రం ఆరులోగా చెప్పాలి. తప్పితే మళ్ళీ ఎప్పుడు తీస్తారో తనకే తెలియదంది.

ఈ సంగతి ఇలియాస్ తన చిన్ననాటి స్నేహితుడు వీరాస్వామికి చెప్పాడు. కైకలూరు నుంచి చేపల లోడు తోలే డ్రైవరతను. గూడెం దాకా తిరగడమెందుకు, చేపలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెడితే కొల్లేరు చుట్టూ తెలిసిపోతుందంటూ అక్కడికక్కడే రాసి పంపేశాడు. "గురువారం బెజవాడలో మందు తీస్తున్నారు. ముగ్గురు కలిస్తే బాగా చవక. తీసిన వెంటనే వాడెయ్యాలి. కావలసినవారు సాయంత్రంలోగా ఇలియాస్ గారికి ఫోన్ చెయ్యగలరు."

స్కాన్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇలియాస్ నంబరు మాత్రం ఒక్క అంకె తప్పు లేకుండా ఉంది.

మొదటి ఫోను కైకలూరు నుంచి వచ్చింది. చెరువు ఎకరానికి ఎంత పడుతుందండీ అని అడిగాడో రొయ్యల రైతు. ఎకరాల లెక్క కాదండీ, మనిషి లెక్క అన్నాడు ఇలియాస్. అవతలాయన, మనుషులు కూడా వాడతారా అని ఆశ్చర్యపోయి పెట్టేశాడు. రెండోది ఉంగుటూరు నుంచి. బావమరిది పెళ్ళికట, మగపెళ్ళివారందరికీ కావాలట.

"అందరికీ డాక్టరు గారే రాశారాండీ?" అని నోరు తెరిచాడు ఇలియాస్.

"డాక్టరు రాసేదేముందండీ, మావాళ్ళకి అలవాటే."

ఇది అలా తాగేది కాదనీ, నరంలోకి ఎక్కించేదనీ ఇలియాస్ వివరంగా చెప్పాడు. ఇదేదో మత్తు ఇంజెక్షన్ల వ్యవహారమనుకున్నాడు అవతలాయన. ఆ పెద్దమనిషి ఫోను పెట్టేసి, ఆ చేత్తోనే ఎక్సైజ్ వాళ్ళకు చేశాడు.

నాలుగయ్యేసరికి కొట్టు ముందు చెరువులవాళ్ళు కొందరు, మందుబాబులు కొందరు పోగయ్యారు. ఫోను ఆగకుండా మోగుతోంది. విసిగిపోయి ఇలియాస్ దాన్ని కట్టెయ్యబోతే, లోపల గోడకు చేరబడి కూర్చున్న హఫ్సా వద్దంది.

"ఇంతమంది తప్పుగా చేస్తున్నారంటే, ఒక్కరైనా నిజంగా చేస్తారేమోనండీ."

మళ్ళీ ఫోనెత్తాడు. అప్పుడే జీపు వచ్చి ఆగింది.

దిగినాయన ఎక్సైజ్ సీఐ శ్యామ్ సుందర్. జీపును చూడగానే వీధి ఖాళీ అయింది. సరుకు ఎక్కడ తీస్తున్నారని ఆయన అడిగాడు. బెజవాడలోనండీ అన్నాడు ఇలియాస్. ఎవరు తీస్తున్నారంటే డాక్టర్లన్నాడు. మందుల చీటీ చూపించాడు. డాక్టరు రాత ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, దాంతో అనుమానం రెట్టింపయింది. ఫోను లాక్కుని, స్పీకరు పెట్టి, పరుపు మీద కూర్చున్నాడు. వచ్చిన ప్రతి ఫోనుకూ పేరేంటి, ఊరేంటి, ఎవరికి, ఎందుకు అని నిలదీశాడు. ఒక్కడూ రెండో ప్రశ్న దాకా నిలవలేదు. ఇలియాస్ కళ్ళు మాత్రం గోడ గడియారం మీదే ఉన్నాయి. అయిదున్నర దాటింది.

మళ్ళీ మోగింది. గణపవరం నుంచి సువార్తమ్మట.

"మందు గురించండీ. మా ఆయనకండీ."

"ఎన్నాళ్ళబట్టి అలవాటమ్మా?"

"అలవాటు కాదండీ. కడుపులో గడ్డ. బెజవాడలో అప్పటికప్పుడు తీసే మందని డాక్టరు గారు ఎప్పుడో రాశారండీ, కొనలేక ఊరుకున్నాం."

సీఐ హఫ్సా చీటీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె దగ్గరున్న చీటీలో మందు పేరేముందో చదవమన్నాడు. ఆమె చుట్టుపక్కల ఎవరినో పిలిచి అక్షరం అక్షరం చదివించింది. ఆ అక్షరాలను పట్టుకుని ఆయన హఫ్సా చీటీని మొదటిసారి చదవగలిగాడు. రెండూ ఒకటే మందు. ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు.

"ఇంకెంతమంది కావాలి?" అన్నాడు మెల్లగా.

"ఇంకొక్కరండీ. ఆరు దాటితే మందు తియ్యరండీ," అంది హఫ్సా.

ఆ తర్వాత శ్యామ్ సుందర్ ఫోనును కింద పెట్టలేదు. రొయ్యల రైతులను, పెళ్ళివారిని తలా ఒక ప్రశ్నతో వదిలించుకున్నాడు. ఆఖరికి గూడెం నుంచి తోమా అనే రిటైరైన లైన్‌మన్ దొరికాడు. రాసిందీ అదే మందు, జబ్బు తనదే. మరొకరికి భారం కాకూడదని ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. రెండో ప్రశ్నకే కాదు, ఆరో ప్రశ్నకు కూడా ఆయన ఫోను పెట్టలేదు.

ఆరు కావడానికి ఇంకా కొంచెం ఉందనగా సీఐ తనే సెంటరుకు ఫోను చేశాడు. ఎక్సైజ్ నుంచి అనగానే అవతలి అమ్మాయి కంగారుపడింది.

"ముగ్గురూ రెడీ అమ్మా," అన్నాడాయన. "గురువారం మందు తీసెయ్యండి."

వీధి మలుపు నుంచి తొంగిచూస్తున్న మందుబాబులు ఆ మాట చెవులారా విన్నారు. శాఖ మీద వాళ్ళకు ఎన్నడూ లేని గౌరవం కలిగింది.

గురువారం ముగ్గురికీ ఒకే పూట స్కాన్ అయింది. హఫ్సా గడ్డ ఉన్నచోటే ఉంది, ఎటూ పాకలేదు. ఆపరేషన్ చేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. సువార్తమ్మ భర్తకు వైద్యం మొదలైంది. తోమా ఇంట్లోవాళ్ళకు చెప్పాడు.

రిపోర్టు ఇస్తూ కౌంటరులో అమ్మాయి, మూడూళ్ళవాళ్ళు ఇలా కలిసి రావడం ఎప్పుడూ చూడలేదనీ, మిమ్మల్ని రిఫర్ చేసిన డాక్టరు గారెవరనీ అడిగింది.

"డాక్టరు గారు కాదండీ," అన్నాడు ఇలియాస్. "ఎక్సైజ్ సీఐ గారండీ."