అర్థం లేని పొయ్యి

"ఇకమీదట రాయ్‌పూర్ తెలుగువాళ్ల వంటిళ్లలో పొగ అనే పదార్థం కనిపించదు. ఒకవేళ కనిపిస్తే అది పొగ కాదు, ప్రతిపక్షాల కుట్ర!" అని రాష్ట్ర పాకశాలా వికాస మండలి అధ్యక్షులు శ్రీ ధనుంజయ్ గారు ప్రకటించగానే, ముందు వరుసలో కూర్చున్న సత్తిరాజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అందరికంటే ముందు కొట్టడం అతని డ్యూటీ. పగలు సిల్తారాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తా, మిగతా టైమంతా పార్టీ తెలుగు విభాగానికి వార్డు కన్వీనరు. ఈసారి కార్పొరేటర్ టికెట్టు తనదేనని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ధనుంజయ్ గారు ఇచ్చిందే. ఎంతమందికి పంచినా ఆయన దగ్గర తరగనిది అదొక్కటే.

ధనుంజయ్ గారు సామాన్యులు కారు. తాతగారు విజయనగరం నుంచి రైల్వే కళాసీగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మనవడు తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ ధారాళంగా మాట్లాడతారు. అందువల్ల ఏ భాషలో మాటిచ్చినా, ఇంకో భాషలో తప్పుకునే సౌకర్యం ఉంది.

మధ్యలో ఎవరో విలేకరి లేచి, "సార్, సిల్తారా ఫ్యాక్టరీ గొట్టాల పొగ మా మేడ మీద వడియాలన్నిటినీ నల్లగా చేసేస్తోంది. దాని సంగతి?" అని అడిగాడు.

"బయటి పొగ పరిశ్రమల శాఖది. లోపలి పొగ నాది. నా పొగ నేను చూసుకుంటున్నాను" అన్నారాయన. అంత పరిధి తెలిసిన నాయకుడు ఈ కాలంలో దొరకడం కష్టం.

పథకం పేరు 'నిర్ధూమ్ రసోయి', అంటే పొగలేని వంటిల్లు. ఇంటికో ఎలక్ట్రిక్ కుక్కరు. కుక్కరంటే అన్నం వండుకునే బుల్లి డబ్బా కాదు. సొంత కాళ్ల మీద నేల మీదే నిలబడే నడుమెత్తు సామాను. పైన నాలుగు పొయ్యిలు, కింద ఓవెను. తీసుకున్నవాళ్లు గ్యాసు బండ సరెండర్ చేసెయ్యాలి. మొట్టమొదటిది దేవేంద్ర నగర్‌లో సత్తిరాజు ఇంటికే వచ్చింది.

నలుగురు మోసుకొచ్చి దింపిన ఆ వస్తువు చుట్టూ సత్తిరాజు భార్య అప్పలనరసమ్మ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏటండీ ఇది? పొయ్యా, బీరువానా?"

"పొయ్యేనే. లేటెస్టు."

"మన గ్యాసు బండ ఎక్కడికి పట్టుకుపోతున్నారు?"

"త్యాగం చేశాం. ఫొటో కూడా తీశారు."

"త్యాగం మీరు చేశారు, వంట నేను చెయ్యాలి. బాగుంది."

ఫిట్టరు ఖేమ్‌లాల్ వచ్చాడు. కాళ్ల కింద మరలు తిప్పి, పైన నీళ్ల గిన్నె పెట్టి చూసి, పొయ్యిని సమంగా నిలబెట్టాడు. గోడకీ దానికీ మధ్య గాలాడేంత జాగా వదిలాడు. ఓవెను తలుపు లాగితే ముందుకు ఒరిగిపోకుండా వెనక గొలుసుతో గోడకి బిగించాడు. లోపలి అట్టలూ థర్మోకోలూ తీసేశాడు. ఫ్రిజ్జు ప్లగ్గుకి తగిలించకుండా మీటరు దగ్గర్నుంచి దీనికోసం విడిగా లావుపాటి వైరు లాగి, చేతికందే ఎత్తులో గోడకి పెద్ద స్విచ్చు పెట్టాడు. ఇంతవరకూ పని పద్ధతి ప్రకారమే జరిగింది. ప్రభుత్వ పథకాల్లో అప్పుడప్పుడూ ఇలాంటి పొరపాట్లు దొర్లుతుంటాయి.

చివర్లో స్విచ్చు వేసి, టెస్టరు తీసి పొయ్యి రేకుకి ఆనించాడు. టెస్టర్లో లైటు వెలిగింది.

"అర్థ్ నహీ హై, భయ్యా" అన్నాడు.

"అంటే?"

"మీ ఇంటికి అర్థింగ్ లేదు. పెరట్లో గొయ్యి తవ్వి, రాడ్ దించి, ఉప్పూ బొగ్గూ వేసి, ఈ ఆకుపచ్చ వైరు దానికి కట్టాలి. అప్పుడు రేకులోకి దిగిన కరెంటు నేలలోకి పోతుంది."

"కట్టకపోతే?"

"ముట్టుకున్నవాడి గుండా పోతుంది. వాడే అర్థ్."

"మరి కట్టవయ్యా!"

"నా ఆర్డర్లో ఫిటింగ్ ఉంది భయ్యా. అర్థింగ్ లేదు" అని ఖేమ్‌లాల్ స్విచ్చు ఆపి, పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు. పొయ్యి వెనకాల ఆకుపచ్చ వైరు దేనికీ తగలకుండా గాల్లో వేలాడుతూ ఉండిపోయింది.

సమస్య ఎక్కడొచ్చిందంటే, ప్రారంభోత్సవం శనివారం పెట్టారు. శనివారం అప్పలనరసమ్మకి ఒక్కపొద్దు. తలస్నానం చేసి, తడిబట్టతోనే పాలు పొంగించి, వెంకటేశ్వరస్వామికి పరవాన్నం పెడుతుంది. ఈ సంగతి చెవినపడి ధనుంజయ్ గారు పులకించిపోయారు. "తడిచీర, కరెంటు పొయ్యి! సంప్రదాయం, ఆధునికత ఒకే ఫ్రేములో! చెల్లెమ్మ తడిబట్టతోనే పొయ్యి ముట్టించాలి. ఇది ఫైనల్" అన్నారు.

"తడిబట్టతో ఆ బీరువాని ముట్టుకుంటే నేను నైవేద్యం పెట్టడం కాదు, నేనే నైవేద్యం అయిపోతాను" అంది అప్పలనరసమ్మ. "అర్థింగో గిర్థింగో అది పడేదాకా నా చెయ్యి దాని మీద పడదు. మీ టికెట్టు ముఖ్యమో నా ప్రాణం ముఖ్యమో తేల్చుకోండి."

సత్తిరాజు వెంటనే తేల్చుకోలేకపోయాడు. కాస్త టైమడిగి మండలి ఆఫీసుకి పరిగెత్తాడు.

ధనుంజయ్ గారు పోహా తింటున్నారు. పక్కన పి.ఎ. ఫణిశ్రీ కాగితం, కలం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఏమన్నా ప్రెస్‌నోటు చెయ్యడం ఆవిడ ఉద్యోగం.

"సార్, పొయ్యికి అర్థ్ లేదటండి" అన్నాడు సత్తిరాజు.

ఆయన చేతిలో చెంచా ఆగిపోయింది. "అర్థం లేదా? నా పథకానికి అర్థం లేదా? ఎవడన్నాడు?"

"ఫిట్టరండి."

"ఫిట్టర్లు కూడా విమర్శించే రోజులొచ్చాయి! ఫణిశ్రీ, రాసుకో. నిర్ధూమ్ రసోయి పథకానికి సామాజిక అర్థం ఉంది, ఆర్థిక అర్థం ఉంది, ఆధ్యాత్మిక అర్థం కూడా..."

"ఆ అర్థం కాదు సార్. అర్థ్. ఇంగ్లీషులో ఎర్త్. అంటే భూమి!"

ఆయన మొహం విచ్చుకుంది. "భూమా? అది ముందు చెప్పాలి కదయ్యా! భూమి లేకపోతే భూమిపూజ చేసేద్దాం. దానికింత కంగారెందుకు? భూమిపూజల్లో నాకున్న అనుభవం ఇంకెవరికుంది?"

ఈ మాట మాత్రం నిజం. రాయ్‌పూర్ చుట్టుపక్కల ఆయన భూమిపూజ చేసిన స్థలాలన్నీ ఆ పవిత్రత చెడకుండా ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

మర్నాడే పెరట్లో గొయ్యి తవ్వించారు. సత్తిరాజు సొంతంగా రాడ్ కొని, ఉప్పూ బొగ్గూ గంపల్లో సిద్ధం చేశాడు. ఖేమ్‌లాల్‌ని బతిమాలి పిలిపించాడు. ధనుంజయ్ గారి కారు టాటీబంధ్ కూడలి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని ఆలస్యమైంది గానీ, మంత్రాలు ఎక్కడా తగ్గలేదు. పంతులు సంకల్పం చెప్పాడు. నాయకులవారు కొబ్బరికాయ కొట్టారు. గునపం పట్టుకుని ఫొటో దిగారు. అప్పుడు వ్యాను లోంచి నల్లరాతి శిలాఫలకం దిగింది. దాని మీద బంగారు అక్షరాల్లో 'అర్థ్ శిలాన్యాస్' అనీ, కింద వారి పేరూ ఉన్నాయి. మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. ఫలకం పాతడానికి గొయ్యి కావాలి. అక్కడ గొయ్యి ఒకటే ఉంది. పాతేసి సిమెంటు చేసేశాడు.

"సార్, రాడ్డు..." అన్నాడు సత్తిరాజు.

"రాడ్డెందుకయ్యా ఇంక? నా పేరు నేలలోకి దిగింది కదా!"

"పక్కన ఇంకో గొయ్యి తవ్వుకుంటాం సార్."

"నా శిలాన్యాసం పక్కన ఇంకో గొయ్యా? పేపర్లో దాన్ని ఏమని రాస్తారో తెలుసా? సమాధి అని రాస్తారు! టికెట్టు కావాలా, గొయ్యి కావాలా?"

ఖేమ్‌లాల్ రాడ్డుని గోడకి చేరవేసి, జేబులోంచి గుట్కా తీశాడు.

శనివారం తెల్లారింది. దేవేంద్ర నగర్ తెలుగు కుటుంబాలన్నీ వాకిట్లో నిలబడ్డాయి. పంతులు ఓ మూల పీట వేసుకుని కూర్చున్నాడు, టీవీవాళ్లు వంటింట్లో దూరారు. ఒక విలేకరి పొయ్యి వెనక్కి తొంగి చూసి, "ఆ వేలాడే ఆకుపచ్చ వైరు ఏమిటి సార్?" అని అడిగాడు.

"పర్యావరణం" అన్నారు ధనుంజయ్ గారు.

అప్పలనరసమ్మ నీళ్లు కారుతున్న చీరతో, ఇత్తడి గిన్నెలో పాలతో వచ్చి పొయ్యికి బారెడు దూరంలో ఆగింది. గచ్చంతా తడి. ధనుంజయ్ గారే స్వయంగా గోడమీది స్విచ్చు నొక్కారు. సత్తిరాజుకి ఒక పక్క భార్య, ఒక పక్క టికెట్టు, మధ్యలో పొయ్యి. నోరు తెరవబోయాడు. మళ్లీ మూశాడు. అతనికే సిగ్గనిపించింది, కానీ అది కెమెరాలో పడేంత పెద్ద సిగ్గు కాదు.

"కానీ చెల్లెమ్మా, గిన్నె పెట్టు" అన్నారు నాయకులవారు.

"అన్నయ్యా" అంది అప్పలనరసమ్మ, కొంగు భుజం మీదికి లాక్కుని. "మా ఇళ్లల్లో కొత్త పొయ్యి మీద ముందు పుట్టింటివాళ్ల చెయ్యి పడాలి. నాకా, తోడబుట్టినవాళ్లు లేరు. మీరు నిండు సభలో నన్ను చెల్లెమ్మా అన్నారు. గిన్నె మీరే పెట్టాలి."

అలాంటి ఆచారం ఆ క్షణందాకా ఏ ఇంట్లోనూ లేదు. కానీ గుమ్మంలో ఉన్న పక్కింటి కోటమ్మ, "ఔను మరి! పుట్టింటివాళ్లు ముట్టుకోకపోతే పాలు పొంగవు" అని అందుకుంది. అవతలి ఇల్లాలు ఇంకా పాత ఆచారం అంది. రెండు నిమిషాల్లో అది తరతరాలుగా వస్తున్నదైపోయింది. కెమెరాలు ధనుంజయ్ గారి వైపు తిరిగాయి.

ఆయన సత్తిరాజు వంక చూశారు. "కుటుంబం తరఫున మనవాడు పెడితే..."

"ఆయన అత్తింటివైపు. పనికిరాడు" అంది అప్పలనరసమ్మ.

చెప్పులు వాకిట్లో విడిచిన ధనుంజయ్ గారు, తడిగచ్చు మీద వట్టి పాదాలతో ముందుకు నడిచి, ఇత్తడి గిన్నె అందుకుని, చిరునవ్వుతో పొయ్యి మీద ఆనించారు.

ఆయన నోట్లోంచి తనకొచ్చిన మూడు భాషల్లో దేనికీ చెందని అక్షరం ఒకటి వెలువడింది. గిన్నె ఒక పక్కకీ, పాలు ఇంకో పక్కకీ, నాయకులవారు పంతులు ఒళ్లోకీ వెళ్లారు. జుట్టు లేచి నిలబడింది.

గొప్పవాళ్లు గొప్పవాళ్లే. పంతులు భుజం పట్టుకుని లేచి నిలబడి, మైకు కోసం చెయ్యి చాచారు.

"చూశారా! ప్రతి ఇంటికీ కరెంటు ఇస్తామన్నాం. ప్రతి వస్తువుకీ ఇచ్చేశాం!"

చప్పట్లు మోగిపోయాయి. సత్తిరాజు జీవితంలో మొదటిసారి అందరికంటే ఆలస్యంగా కొట్టాడు.

'పేదల వంటింట్లో నిలువునా కదిలిపోయిన నేత' అని మర్నాడు పేపర్లు రాశాయి.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. ప్రజల భద్రత మీద స్వయంగా సమీక్ష జరిపారు. అర్థింగ్ వేయాలంటే గొయ్యి తవ్వాలి. గొయ్యి తవ్వాలంటే ఫలకం పీకాలి. అప్పటికే ప్రతి లబ్ధిదారు పెరట్లోనూ ఫలకం పాతేశారు. అందుకని ఇంటికో జత రబ్బరు చెప్పులు మంజూరు చేశారు. పొయ్యి ముట్టుకునేటప్పుడు అవి వేసుకోవాలి. పాదం ఆనేచోట ధనుంజయ్ గారి బొమ్మ, రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉంటుంది.

మొదట్లో ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "వంటింట్లోకి చెప్పులా? మా అత్తగారు బతికుంటే చెప్పుల్ని వేసుకున్నవాళ్లతో సహా బయటికి విసిరేవారు" అంది కోటమ్మ. సత్తిరాజు సంచిలోంచి ఒక జత తీసి చూపించాడు. కోటమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"నా సైజు ఉందా?" అంది.

వారం తిరక్కుండా అన్ని వంటిళ్లలోనూ చెప్పుల చప్పుడే. కొందరు పొయ్యి దగ్గర పని లేనప్పుడు కూడా వేసుకు తిరుగుతున్నారు. కొందరు రెండో జత అడిగారు. పాదరక్షలకి ఇంత ఆదరణ రావడం తన వ్యక్తిగత ప్రతిష్ఠేనని ధనుంజయ్ గారు సభలో చెప్పుకున్నారు. అది కూడా నిజమే.

ఒక్క సత్తిరాజు మాత్రం వేసుకోలేదు. ఒక సాయంత్రం టీకి పాలు కాచుకుందామని వట్టి కాళ్లతో వంటింట్లోకి వచ్చాడు.

"చెప్పులేసుకోండి" అంది అప్పలనరసమ్మ కూరగాయలు తరుగుతూ.

"ఆయన మొహం మీద కాలెలా పెట్టనే? రేపే టికెట్ల లిస్టు."

"అయితే పొయ్యి ముట్టుకోకండి."

"పార్టీ పొయ్యిని పార్టీవాణ్ని నేనే అనుమానిస్తే జనం ఏమనుకుంటారు?" అంటూ కళ్లు మూసుకుని చెయ్యి చాచాడు.

అప్పలనరసమ్మ ఒక్క గెంతు గెంతి గోడమీది స్విచ్చు ఆపేసింది. అతను పొయ్యి మీద అరచెయ్యి ఆనించాడు. ఏమీ కాలేదు. కళ్లు తెరిచాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"చూశావా! భయమంతా మన మనసులోనే!" అన్నాడు. ఆవిడ ఏదో చెప్పేలోగా ఫోన్ కలిసిపోయింది. "సార్! చెప్పుల్లేకుండా ముట్టుకున్నాను సార్! రెండు చేతులతో సార్! ఏమీ కాలేదు సార్!"

మర్నాడు ప్రకటన వెలువడింది. నిర్ధూమ్ రసోయి పొయ్యిలు సంపూర్ణంగా సురక్షితమని కార్యకర్తల స్థాయిలో రుజువైంది. కావున చెప్పులు అనవసరం, అందరూ వెంటనే వాపసు చెయ్యాలి. టికెట్టు ధనుంజయ్ గారి బావమరిదికి వచ్చింది. చెప్పుల వసూళ్ల కమిటీకి కన్వీనరుగా సత్తిరాజుని నియమించారు.

సత్తిరాజు పెద్ద సంచీ పట్టుకుని కార్యక్రమాన్ని సొంత ఇంటి నుంచే మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, పార్టీ ఆదేశం చదివి వినిపించాడు.

అప్పలనరసమ్మ వెనక్కి కూడా తిరగలేదు. గరిటెతో కూర కలుపుతూ, ఎడమ చెప్పు మీది బరువు కుడి చెప్పు మీదికి మార్చుకుంది.

"కావాలంటే పొయ్యి పట్టుకుపొమ్మనండి" అంది. "చెప్పులివ్వను."