షబ్బీర్ కోసం చెడిన కంప్యూటర్

భవానీపురంలో ఫ్లాపీ తిరుపతిరావంటే తెలియనివాళ్ళు లేరు. ఊళ్ళో ఫ్లాపీలు మాయమైనా ఆయన్ని ఆ పేరు వదల్లేదు.

తొంభై ఆరులో ఆయనా, పక్కవీధి షబ్బీరూ ఆదివారాలన్నీ ఆయనింట్లో కంప్యూటర్ ముందే గడిపారు. కారు పందెం ఆటకి మెమరీ చాలేది కాదు. మౌస్ తీసేస్తే శబ్దం వచ్చేది, శబ్దం తీసేస్తే మౌస్ కదిలేది. మెమరీ దేనికెంతో రాసుండే ఫైల్లో ఒక్కో లైనూ మార్చి చూసి, సాయంత్రానికి కారు కదిలితే ఇద్దరూ చేతులు కలుపుకుని, టీ తాగి, కంప్యూటర్ కట్టేసేవారు. ఆట ఆడాలన్న సంగతే వాళ్ళకి తట్టలేదు.

ఇప్పుడు షబ్బీర్ బెంజ్ సర్కిల్ దగ్గర కొత్త కంప్యూటర్లు అమ్ముతున్నాడు. వాటిలో సీడీ పెడితే చాలు, ఆట దానంతటదే నడుస్తుంది. ఇంకో మనిషితో పనిలేదు. రెండేళ్ళుగా షబ్బీర్ ఈ ఇంటి గడప తొక్కలేదు. ఆదివారం వస్తే తిరుపతిరావుకి దిగులుగా ఉంటోంది.

అందుకే అటక మీది కంప్యూటర్ దించాడు. ఆట నడిచింది, ఖర్మ! గబగబా రెండు మెమరీ లైన్లు చెరిపేసి ఫోన్ చేశాడు.

"షబ్బీర్ భాయ్, ఆట మొరాయిస్తోందయ్యా! నావల్ల కావట్లేదు."

"నాలుగింటికల్లా వస్తా భాయ్. అందాకా ముట్టుకోకు!"

ఉత్సాహంగా వెళ్ళి మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చేసరికి ఇంట్లో కారు రయ్యిమంటోంది. కీబోర్డు ముందు భార్య సుధామణి.

"ఏం చేశావే!"

"రెండు లైన్లు పోయాయండీ. పెట్టేశాను."

"నీకెలా తెలుసు?"

"ఆదివారం మీరు నడిపించి వదిలేసేవారు. మధ్యలో మొరాయిస్తే నేనే లైన్లు సరిచేసుకుని ఆడేదాన్ని. సోమవారం నుంచి శనివారం దాకా మీరు ఆఫీసులో ఉంటే, ఈ ఇంట్లో నాకెవరున్నారు?"

ఆట ముగిసి గెలిచినవాళ్ళ పట్టిక వచ్చింది. పది పేర్లూ సుధామణివే. తిరుపతిరావు పదీ చదివాడు. తన ఒక్క ఆదివారం గురించే ఇంత దిగులు పడ్డందుకు సిగ్గేసింది. గడియారం చూస్తే సిగ్గు పోయి భయం పట్టుకుంది.

"ఇప్పుడు షబ్బీర్ వచ్చి ఏం బాగుచేస్తాడే?" అన్నాడు ఏడుపు గొంతుతో.

సుధామణి ఆయన మొహం చూసింది. కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టింది. ఆట మళ్ళీ మొరాయించింది.

"మీరు చెరిపింది రెండే. అన్నయ్యగారికి అయిదు నిమిషాల పని. నేను ఏడు తీశాను. రాత్రి భోజనం దాకా ఉంటారు."

తిరుపతిరావు బజ్జీల పొట్లంతో ఆ తెరనే చూస్తూ నిలబడ్డాడు.

"అలా నిలబడతారేం? కుర్చీలు రెండే వేశారు. నాక్కూడా ఒకటి తెండి."

బజ్జీల పొట్లం ఆమె చేతికిచ్చి, మూడో కుర్చీ కోసం లోపలికి వెళ్ళాడు.